బూడిదలో కాల్చిన రొట్టె, వెదురు చేట: మన ఇంటి చరిత్ర

పోస్టు కొంచెం పెద్దదే. తీరిక చేసుకుని చదవండి.

పోయిన నెల మా హాస్టల్ రూంలో ఒక తమ్ముడి పుట్టినరోజు వచ్చింది. తలా కొంత వేసుకుని కేక్ తెచ్చాం. కోస్తుంటే వాడే అడిగాడు, "చిన్నప్పుడు మీ ఇంట్లో పుట్టినరోజుకి ఏం చేసేవోళ్లు అన్నా?" అని. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. మా రూంలో ఇద్దరం కొండరెడ్లం, ఒకరు కోయ, ఒకరు వాల్మీకి. నలుగురిలో ఇద్దరికి అసలు పుట్టిన తేదీయే తెలీదు, బళ్లో చేర్చినప్పుడు మాస్టారు వేసిన జూన్ తేదీనే మా పుట్టినరోజు. కేక్ సంగతి సరే, ఇంట్లో నిప్పు మీద కాల్చి పిల్లలకు పెట్టిందేముంది అని ఆలోచిస్తే నలుగురికీ ఒకటే గుర్తొచ్చింది. చోడిపిండి రొట్టె.

చోళ్లంటే బయటివాళ్లు రాగులంటారు. తిరగలిలో విసిరిన పిండిని వేన్నీళ్లతో తడిపి, అరచేతి మందాన తట్టి, రెండు అడ్డాకుల మధ్య పెట్టి మడిచేది మా అవ్వ. పొయ్యిలో నిప్పులు పక్కకు లాగి, వేడి బూడిదలో ఆ మడత పెట్టి, పైన మళ్లీ బూడిద కప్పేది. నూనె లేదు, పెనం లేదు. పై ఆకు నల్లగా మాడిపోయేది, లోపలి ఆకు పచ్చివాసన రొట్టెకు పట్టేది. విప్పితే ఆకు ఈనెలు రొట్టె మీద అచ్చు వేసినట్టు ఉండేవి. చలికాలం తెల్లారుజామున పిల్లలమంతా పొయ్యి చుట్టూ ముడుచుకుని కూర్చునేవాళ్లం. ఎవడు ఎక్కువ ఏడిస్తే వాడికి మొదటి రొట్టె, అది సగం ఉడికినా సరే. తేనె ఉంటే తేనె, లేకపోతే ఉప్పూ మిరపకాయా. తిన్నాక ఆకు మేకకి. కడగాల్సిన గిన్నె ఒక్కటీ ఉండేది కాదు.

ఇదంతా చరిత్రా అని మీరు అడగొచ్చు. మాకూ మొదట అదే అనుమానం వచ్చింది. మనం పరీక్షలకు చదివే చరిత్రలో మన గురించి ఉండేది తిరుగుబాట్లే. రంప తిరుగుబాటు ఏ సంవత్సరం? 1879. మన్యం పోరాటం? 1922 నుంచి 1924. బిట్లు బట్టీ పడతాం, మార్కులు వస్తాయి. కానీ ఆ మనుషులు తిరగబడే ముందు రోజు సాయంత్రం ఇంట్లో ఏం తిన్నారు, పిల్లల్ని దేంట్లో పడుకోబెట్టారు, ఆ ఇంట్లో వస్తువులు ఎవరు చేశారు అనేది ఏ బిట్టులోనూ రాదు. మేం సంక్రాంతి సెలవులకు ఇళ్లకు వెళ్లినప్పుడు ముసలోళ్లను కూర్చోబెట్టి అడిగాం. తిరిగొచ్చి లైబ్రరీలో పుస్తకాలు తిరగేశాం. రెండూ పక్కపక్కన పెడితే తెలిసింది ఏంటంటే, ఆ తిరుగుబాట్లు చాలా వరకు వంటింటి గుమ్మంలోంచే మొదలయ్యాయి.

1879 సంగతే చూడండి. ఆ ఏడాది మార్చిలో చోడవరం చుట్టుపక్కల రంప కొండల్లో ముఠాదార్లు, రైతులు కలిసి పోలీసుల మీద పడ్డారు. కారం తమ్మన్నదొర లాంటి నాయకుల పేర్లు మనకు తెలుసు. కారణాల్లో ముందు వరసలో ఉన్నది కల్లు. జీలుగు చెట్టు, తాటిచెట్టు నుంచి ఎవరింటికి కావల్సిన కల్లు వాళ్లు గీసుకునేవాళ్లు. రంప మన్సబుదారు దాని మీద చిగురుపన్ను వేశాడు. దాని మీద మద్రాసు సర్కారు కొత్త ఆబ్కారీ పద్ధతి తెచ్చి, ఇంటికోసం గీసుకునే కల్లుకు కూడా గుత్తేదారుకు కట్టమంది. వేసవి నెలల్లో, పాత గింజలు అయిపోయి కొత్త పంట రాని రోజుల్లో, కల్లు మన కొండల్లో తాగుడు కాదు, సగం తిండి. (ఇలా రాశామని వార్డెన్ సార్‌కి తెలిస్తే ఏమంటారో.) అంటే ఆ పన్ను పడింది దుకాణం మీద కాదు, ఇంట్లో ఆనపబుర్ర మీద. దానికితోడు మైదానం నుంచి వచ్చిన షావుకార్ల అప్పులు, కోర్టు దావాలు, గొడ్లు జప్తు చేయడాలు.

ఆ తిరుగుబాటును అణిచేసిన రెండు మూడేళ్లకే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవి అని గీత గీస్తే గీతకు అవతల పోడు నేరం, ఆకు కోయాలన్నా కట్టె తేవాలన్నా ఎవరో ఒకరి దయ. 1922లో అల్లూరి వెంట గాం గంతందొర, గాం మల్లుదొర నడిచినప్పుడు జనంలో ఉన్న కోపంలో వెట్టిచాకిరీతో పాటు ఇదీ పెద్ద భాగం. ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్ మీద దాడి, తర్వాత కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. అక్కడ నుంచి కథ మీకు తెలిసిందే.

తెలియనిది వెదురు కథ. 1927 భారత అటవీ చట్టంలో చెట్టు అనే మాటకు అర్థం రాసిన చోట వెదురునూ కలిపేశారు. శాస్త్రం ప్రకారం వెదురు గడ్డిజాతి. చట్టంలో అది చెట్టైంది, అడవిలో కోసి తెస్తే కలప దొంగతనం అయింది. ఇప్పుడు మన ఇంట్లో వెదురు ఎక్కడెక్కడ ఉండేదో లెక్కేయండి. గోడ తడక వెదురు. గింజలు పోసుకునే గాదె వెదురు, పేడతో అలికితే సందులు పూడిపోయేవి. చేట, జల్లెడ, గంప, కోళ్లగంప, చేపలకు వాగులో పెట్టే మావు, వానకు నెత్తిన పెట్టుకునే గిడుగు. వాన మొదలైతే వెదురుకొమ్ముల కూర. పిల్లాడు పుడితే బొడ్డు కోయడానికి పదునైన వెదురుబద్ద వాడేవాళ్లని మా కోయ మిత్రుడి నాయనమ్మ చెప్పింది. ఊయల కర్ర కూడా వెదురే, దానికి కట్టే తాడు అడ్డనార. పుట్టిన దగ్గర నుంచి ఏ పని చేయబోయినా చేతికి తగిలే వస్తువు చట్టంతో సర్కారు సొత్తు అయిపోయింది.

అదే వెదురు కాంట్రాక్టర్లకు కూపులుగా ఇచ్చారు. మన పాపికొండల కొండరెడ్ల దగ్గర ఉండి చూసిన హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుడు 1945లో వేసిన పుస్తకంలో ఇది ఉంది. కర్రతో గుంతలు తీసి పోడులో విత్తనం వేసే మనుషులు, వెదురు కాంట్రాక్టర్ల కింద కూలీలుగా ఎలా మారారో, అప్పుల్లో ఎలా చిక్కుకున్నారో ఆయన రాశాడు. కోసిన వెదురు గోదావరి మీద దిగువకు పోయేది. రాజమండ్రి కాగితం మిల్లు చాలాకాలం ఏజెన్సీ వెదురుతోనే నడిచింది. మా తాతలు చేటకోసం ఒక బొంగు నరికితే గార్డుకి కోడి ఇవ్వాల్సి వచ్చేది. లారీలకు లారీలు పోయి నోటుబుక్కులై మన బళ్లకే తిరిగొచ్చి ఉంటాయి, ఎవరు చూశారు.

ఆడవాళ్ల పని ఆకుతో. అడ్డతీగ ఎక్కి ఆకు కోసి, కట్టలు కట్టి, రాత్రిపూట పొయ్యి వెలుగులో సన్నటి పుల్లలతో విస్తళ్లు కుట్టడం. చంటిబిడ్డ ఒళ్లో పాలు తాగుతుంటే చేతులు కుడుతూనే ఉండేవని మా అవ్వ అంటది. ఆ విస్తళ్లు సంతకు పోతే ఉప్పు, కిరసనాయిలు వచ్చేవి. షావుకారు ఎంత అంటే అంత. ఆ దోపిడీ ఆపడానికి 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పెట్టారు. 1979లో షెడ్యూల్డు ప్రాంతాల్లో అటవీ ఫలసాయం కొనే హక్కు దానికొక్కదానికే ఇస్తూ రెగ్యులేషన్ తెచ్చారు. కొంత మేలు జరిగింది, కాదనం. కానీ ఆ కాగితాల్లో మన ఆకుకి, తేనెకి, చింతపండుకి పెట్టిన పేరు "చిన్నతరహా అటవీ ఉత్పత్తులు". ఒక ఇల్లు ఏడాది పొడుగునా దేని మీద బతికిందో అది చిన్న అట. 2006 అటవీ హక్కుల చట్టంలో వీటి మీద సొంత హక్కు మనదని రాశారు. వెదురును కూడా ఆ జాబితాలో చేర్చారు. 1927 నుంచి లెక్కేస్తే దాదాపు ఎనభై ఏళ్లు. అడవి బయట పెరిగే వెదురు చెట్టు కాదని ఒప్పుకోడానికి ఇంకా ఆగి 2017 సవరణ దాకా రావాల్సొచ్చింది.

అప్పట్లో అంతా బంగారం అని చెప్పడం మా ఉద్దేశం కాదు. మా అవ్వకి ఎనిమిది కాన్పులు, మిగిలింది ముగ్గురు. ఆకలి రోజుల గురించి అడిగితే ఆమె ముందు మాట్లాడలేదు. తర్వాత టెంకల అంబలి గురించి చెప్పింది. మామిడి టెంకలు ఎండబెట్టి, లోపలి పప్పు దంచి, వెదురుబుట్టలో పోసి పారే నీళ్లలో ఉంచాలి. వగరు, చేదు పోయేదాకా తీయకూడదు. ఎన్ని పూటలో నాలుకే చెప్తది. తర్వాత ఎండబెట్టి దాచుకుని గంజిలా కాచేవాళ్లు. జీలుగుచెట్టు దవ్వ నుంచి తీసే పిండీ అలాంటిదే. 2001లో ఒడిశా కాశీపూర్‌లో మామిడి టెంకలు తిని జనం చనిపోయారని పేపర్లలో వచ్చింది. బయటివాళ్లకు అప్పుడే ఆ తిండి పేరు తెలిసింది, అదీ చావుతో కలిపి. మా అవ్వ మాత్రం "బూజు పట్టిన టెంక ఎవడైనా తింటాడేంట్రా, తిండానికి ఇంకేం లేకపోతే తప్ప" అంది. ఆ ఒక్క మాటలో మొత్తం ఉంది.

1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఆ ఆకలి తగ్గింది. పిల్లలు బతికారు, మేమూ ఆ బియ్యం మీద పెరిగినోళ్లమే. దానితోపాటు చోళ్లు, సామలు పోడులోంచి తగ్గుతూ పోయాయి. తిరగలి మూలకు చేరింది. 2023ని చిరుధాన్యాల సంవత్సరం అని ప్రపంచమంతా జరిపినప్పుడు మేం టౌన్‌లో ఒక షాపులో రాగి బిస్కెట్ల పొట్లం చూశాం. చిన్న పొట్లమే, ధర చూసి వెనక్కి పెట్టేశాం.

ఇక్కడ మా తప్పు కూడా ఒకటి చెప్పాలి. మన ఇళ్లల్లో చేతిపని ఎవరూ పాఠంలా నేర్పరు. తాత బద్దలు చీలుస్తుంటే పిల్లాడు పక్కన కూర్చుంటాడు, పనికిరాని తునకలు వాడికి ఇస్తారు. వాడు వంకరటింకరగా అల్లిన ఆటగంపలో కోడిపిల్లను పెట్టి ఆడుకుంటాడు. పదేళ్లకు నిజం గంప వస్తుంది. ఆడపిల్లయితే చెల్లిని చంకనేసుకునే డొప్పలు కుడుతుంది. మమ్మల్ని మూడో తరగతిలో ఆశ్రమ పాఠశాలలో వేశారు. అంటే ఆటగంప అల్లే వయసులో. చదువు వచ్చింది, దానికి మేం ఎప్పటికీ రుణపడి ఉంటాం. మా ఇళ్లల్లో కాలేజీ గేటు దాటిన మొదటివాళ్లం మేమే. అయితే నలుగురిలో ఒక్కడికీ చేట అల్లడం రాదు. అటవీ చట్టం చేయలేని పని సెలవుల పట్టిక చేసింది. ఎవర్నీ తిట్టలేం కూడా.

మా మేనత్త వాళ్లది దేవీపట్నం వైపు ఊరు. పోలవరం ముంపు కింద అక్కడ ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి, వాళ్లకూ కాలనీలో ఇల్లిచ్చారు. సిమెంటు ఇల్లు, కరెంటు, కుళాయి. వంటగదిలో గ్యాస్ పొయ్యి. బూడిద లేదు కాబట్టి బూడిదలో రొట్టె లేదు. వెదురు కావాలంటే బజార్లో కొనాలి, అడ్డాకు అసలు దొరకదు. అత్త మనవరాలికి మూడేళ్లు. ప్లాస్టిక్ చేటలో బియ్యం పోసుకుని చెరుగుతున్నట్టు ఆడుతుంది. చేతుల తిప్పుడు మాత్రం అచ్చం ముసలామెదే, ఎక్కడ చూసి నేర్చుకుందో.

సంక్రాంతికి మా తాత దగ్గర కూర్చుని చేట మొదలుపెట్టాం. చీకటి రోజుల్లో కోసిన వెదురైతే పురుగు పట్టదన్నాడు. అది కోసి పెట్టే ఉంచాడు, మనవలు వస్తారని. కణుపు దగ్గర కత్తి జారింది, వేలు తెగింది. బద్ద సన్నగా చీల్చమంటే మధ్యలో విరిగింది. నాలుగు బొంగులు పాడుచేశాక తాతే లాక్కుని సాయంత్రానికి పూర్తి చేశాడు. మేం అల్లింది మూడు వరసలు, అవి ఎక్కడున్నాయో దూరం నుంచే తెలిసిపోతాయి. వేసవి సెలవులకు అంచు కట్టడం నేర్పుతానన్నాడు. ఆయనకు చూపు తగ్గుతోంది.

మీ ఊళ్లలో చేటని, గిడుగుని, ఆ రొట్టెని మీ భాషలో ఏమంటారో, ఎవరు చేస్తారో తెలిస్తే రాయండి. ముసలోళ్లు ఉన్నవాళ్లు ఈ సెలవుల్లోనే అడగండి.

తాత చేట ఇప్పుడు మా రూంలో కిటికీ పక్కన ఉంది. అందులో ఛార్జర్లు, తాళాలు వేసుకుంటున్నాం. అవ్వ చూస్తే తిడతది.