రూబికాన్ బాట: గుర్రపుబండి నుంచి జీపు దాకా

కాలిఫోర్నియా తూర్పు సరిహద్దు వెంబడి నిలువునా సాగే సియెర్రా నెవాడా పర్వతశ్రేణిని అడ్డంగా దాటుతూ, జార్జ్‌టౌన్ అనే చిన్న పట్టణం దిక్కు నుంచి టాహో సరస్సు పడమటి ఒడ్డు దాకా పోయే రూబికాన్ బాటకు, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఫోర్ వీల్ డ్రైవ్ బండ్ల మీద శని, ఆదివారాల్లో బృందంగా కొండలెక్కే వినోదానికి పుట్టినిల్లన్న పేరుంది. దాని పొడవు సుమారు 35 కిలోమీటర్లు కాగా, అందులో సగానికి కాస్త ఎక్కువ భాగం మామూలు కారు అడుగు పెట్టలేని గ్రానైటు రాతినేల. అక్కడికి వెళ్ళే క్లబ్బుల వాళ్ళు దాన్ని మనిషి చెయ్యి పడని అడవిగా, దారీ తెన్నూ లేని చోటుగా వర్ణించుకోవడం మామూలే గానీ, అక్కడి ప్రభుత్వ కాగితాలు చెప్పే సంగతి వేరు. మన జిల్లా లాంటి పాలనా విభాగమైన ఎల్ డొరాడో కౌంటీ, ఇంకా మోటారుబండ్లు రాని కాలంలో, 1887లోనే దాన్ని ప్రజా రహదారిగా ప్రకటించింది. ఆ వినోదం ఇన్నేళ్ళుగా నిలిచి ఉండటానికి జీపు ఎంత కారణమో, పాతబడిపోయిన ఆ తీర్మానమూ అంతే కారణం.

తెల్లవాళ్ళు రాకముందు టాహో సరస్సు చుట్టూ ఉండే వాషో జనం, పడమటి దిగువ కొండల్లో ఉండే నిసెనాన్ జనం ఈ కనుమల గుండానే రాకపోకలు సాగించేవారు. 1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడిన తరువాత జార్జ్‌టౌన్ గని కూలీల శిబిరంగా మొదలై ఊరిగా ఎదిగింది. 1860ల నాటికి కొండ నడుమ రూబికాన్ నది ఒడ్డున ఉబికే ఖనిజ జలాల ఊటల దగ్గర హన్‌సకర్ సోదరులు స్థిరపడి ఆ నీటిని సీసాల్లో నింపి అమ్మడం మొదలుపెట్టారు. అటువంటి నీళ్ళు తాగితే రోగాలు తగ్గుతాయన్న నమ్మకం ఆ రోజుల్లో అమెరికా అంతటా బలంగా ఉండేది కనుక, తరువాత ఆ స్థలం సియెర్రా ఫిలిప్స్ క్లార్క్ అనే వ్యాపార దక్షురాలి చేతికి వచ్చి, అక్కడొక హోటలు లేచింది. గాజు కిటికీలకు తెరలు, బైఠకు గదిలో ఆర్గాన్ వాద్యం అమర్చిన ఆ మేడకు టాహో ఒడ్డు నుంచి నాలుగు గుర్రాలు పూన్చిన ప్రయాణికుల బండి నడిచేది. ఇప్పుడు కొన్ని లక్షల రూపాయల విలువైన బండి సైతం పొట్ట రాసుకుంటూ పోయే రాళ్ళ మీదుగా ఒకనాడు గౌను వేసుకున్న ఆడవాళ్ళు గుర్రపుబండిలో విడిదికి వెళ్ళేవారంటే, ఆ దారి అప్పట్లో ఎంత శ్రద్ధగా బాగుచేయబడి ఉండేదో, తరువాత ఎంతగా పాడుపడిందో ఊహించుకోవచ్చు.

దాన్ని పాడుపెట్టింది మోటారుకారే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కార్ల కోసం మంచి రోడ్లు వేసినప్పుడు అవి ఉత్తరాన డోనర్ కనుమ మీదుగా, దక్షిణాన ఎకో శిఖరం మీదుగా పోయాయి. నడుమ ఉన్న రూబికాన్ దారిని పట్టించుకునే అవసరం ఎవరికీ లేకపోయింది. ఏటేటా కురిసే మంచు, అది కరిగి పారే నీరు మట్టిని కొట్టుకుపోగా అడుగున ఉన్న బండరాళ్ళు బయటపడ్డాయి. టాహో వైపు ఏటవాలుకు కాడిలాక్ కొండ అన్న పేరు ఉండటానికి, ఆ మార్కు పాతకారు ఒకటి అక్కడ దొర్లిపడి తుప్పుపట్టి మిగిలిపోవడమే కారణమంటారు.

ఆ దారి మీదికి బండి మళ్ళీ రావడానికి యుద్ధం జరగవలసి వచ్చింది. 1940 వేసవిలో అమెరికా సైన్యం గస్తీకి, నిఘాకు పనికివచ్చే తేలికపాటి ఫోర్ వీల్ డ్రైవ్ బండి కోసం 135 కంపెనీలను అడిగి, మచ్చుబండి అప్పగించడానికి 49 రోజుల గడువు పెట్టింది. పెన్సిల్వేనియాలోని బాంటమ్ అనే చిన్న కంపెనీ, కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీరు గీసిన నమూనాతో సెప్టెంబరు 23న, గడువు తీరే వేళకు, దాన్ని సైనిక స్థావరానికి చేర్చింది. అయితే లక్షల బండ్లు చేసే స్తోమత బాంటమ్‌కు లేదని భావించిన సైన్యం ఆ నమూనా పటాలను విల్లిస్, ఫోర్డ్ కంపెనీలకూ చూపించి, చివరకు పెద్ద ఆర్డర్లను ఆ రెంటికే ఇచ్చింది. యుద్ధం ముగిసేలోపు తయారైన ఆరు లక్షలకు పైగా జీపుల్లో బాంటమ్ వాటా చాలా స్వల్పం. పరిశ్రమల చరిత్రలో ఇటువంటి అన్యాయాలు కొల్లలు గానీ, ఇది మరీ పచ్చిగా కనిపిస్తుంది.

యుద్ధకాలపు ఆ జీపు బరువు సుమారు 1,100 కిలోలు. అందులో 60 హార్స్‌పవర్ ఇంజను, దానికి తోడు ట్రాన్స్‌ఫర్ కేస్ ఉండేవి. ట్రాన్స్‌ఫర్ కేస్ అంటే గేర్‌బాక్స్ నుంచి వచ్చే బలాన్ని ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ పంచే రెండో పెట్టె. దానిలోని చిన్న గేరు వేస్తే వేగం సగానికి పడిపోయి లాగే సత్తా దాదాపు రెట్టింపవుతుంది. 1945లో విల్లిస్ కంపెనీ ఇదే బండిని సి.జె.-2ఎ పేరుతో పౌరులకు అమ్మజూపినప్పుడు, నాగలి లాగడానికి, రంపపు మిల్లు నడపడానికి, పంట బజారుకు చేర్చడానికి ఒకే బండి చాలునని రైతుల వైపే మొగ్గింది. ధర 1,090 డాలర్లు. సైన్యం వదిలించుకునే జీపులు పెట్టెల్లో ప్యాక్ చేసి 50 డాలర్లకు దొరుకుతాయన్న ప్రచారం మాత్రం దశాబ్దాల పాటు పత్రికా ప్రకటనల్లో నడిచిన కట్టుకథ. నిజానికి మిగులు జీపులు అంతకంటే బాగా ఎక్కువ ధరకే, బాగా అరిగిపోయిన స్థితిలోనే దొరికేవి. అయినా యుద్ధంలో ఆ బండిని తోలిన కుర్రవాళ్ళు ఇళ్ళకు తిరిగివచ్చాక, సెలవు రోజున దాన్ని ఎక్కడెక్కడికి ఎక్కించవచ్చో చూడాలనుకోవడంలో వింతేమీ లేదు.

జార్జ్‌టౌన్‌లో ఈ సరదా ఒక ఊరి అవసరంతో కలిసింది. బంగారం ఏనాడో అడుగంటింది. ఊరికి నాలుగు డబ్బులు వచ్చే ఉపాయం కోసం 1952లో స్థానికులు కొందరు కూర్చుని ఆలోచించి, పాడుబడిన గుర్రపుబండి దారినే సరుకుగా మార్చాలని నిశ్చయించారు. మరుసటి ఏడు ఆగస్టు 29న 55 జీపులు, 155 మంది మనుషులు జార్జ్‌టౌన్ నుంచి బయలుదేరి ఊటల దగ్గర విడిది చేసి టాహో వైపు దిగారు. జీపర్స్ జాంబొరీ అన్న పేరుతో ఏటా జరుగుతూ వస్తున్న యాత్రలకు అది మొదటిది. దాని నిర్వాహకుల్లో ఒకడైన మార్క్ స్మిత్ తరువాతి కాలంలో దక్షిణ అమెరికా కొస నుంచి అలాస్కా దాకా జీపుల బృందాన్ని నడిపించి, 1978, 79 సంవత్సరాల్లో రోడ్డే లేని డారియన్ అడవిని దాటించి, ఈ రంగంలో పెద్దమనిషిగా పేరు పొందాడు. మొదటి యాత్ర నాటి ఏర్పాట్లలో గమనించదగినది సాహసం కంటే వంట. నూటయాభై మందికి భోజనం, మందులు, పెట్రోలు కొండ మీదికి చేర్చగలిగితేనే వచ్చినవాడు మళ్ళీ వస్తాడన్నది పూటకూళ్ళింటి లెక్క. ఆ లెక్క వాళ్ళకు బాగానే తెలుసు.

ఈ ప్రయాణాలు ఒంటరిగా కాక క్లబ్బులుగా ఎందుకు సాగాయన్న ప్రశ్నకు సమాధానం స్నేహంలో కంటే ఇరుసులోనే దొరుకుతుంది. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం తిరగాలి కనుక, రెంటినీ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ అనే పళ్ళచక్రాల అమరిక ఇరుసు నడుమ ఉంటుంది. తారురోడ్డు మీద ఎంతో మేలు చేసే ఈ అమరికే రాళ్ళ మీద ద్రోహం చేస్తుంది. ఒక చక్రం గాలిలోకి లేస్తే అది ఊరికే గిరగిరా తిరుగుతుందే తప్ప, నేలను పట్టుకున్న రెండో చక్రానికి బలం అందదు. ముందు కుడి చక్రం, వెనక ఎడమ చక్రం ఒకేసారి లేచాయంటే నాలుగు చక్రాల బండి కాస్తా కదలని బండి అవుతుంది. అప్పుడు దాన్ని లాగడానికి ఇంకొక బండో, బంపరుకు బిగించిన తీగతాడును మోటారుతో చుట్టి లాగే వించ్ అనే యంత్రమో ఉండాలి. కనుక కనీసం రెండు బండ్లు లేనిదే బయలుదేరకూడదన్నది అన్ని క్లబ్బుల్లోనూ మొదటి నియమం అయింది. ప్రతి డ్రైవరూ తన వెనక బండికి బాధ్యుడు. దారి చీలే చోట వెనకవాడు కంటబడేదాకా ఆగవలసిందే. సైనిక వాహనశ్రేణి క్రమశిక్షణతో దీనికి ఉన్న పోలిక స్పష్టం.

ఎక్కేముందు జరిగే పని ఒకటి కొత్తవాళ్ళకు విడ్డూరంగా కనిపిస్తుంది. పడమటి వైపున ఈనాడు బాట మొదలయ్యే లూన్ సరస్సు ఆనకట్ట దగ్గర బండ్లన్నీ వరుసగా ఆగుతాయి, అందరూ దిగి టైర్ల పక్కన గొంతుకూర్చుని వాల్వులు విప్పి సగానికి సగం గాలి తీసేస్తారు. గాలి తగ్గిన టైరు పక్కలకు ఉబ్బి, రాతి అంచు మీద పరుచుకుని దాన్ని పట్టుకుంటుంది, గట్టి టైరైతే అదే అంచు మీద జారిపోతుంది. ఆ పైన గండశిలలు ఎదురైన చోట ఒక మనిషి బండికి ముందు నిలబడి వెనక్కి నడుస్తూ చేతి సైగలతో దారి చూపుతాడు. స్పాటర్ అని పిలిచే ఈ మనిషి లేనిదే డ్రైవరుకు బానెట్ అవతలి నేల కనిపించదు. చుట్టూ ఎంతమంది అరిచినా డ్రైవరు చూడవలసింది ఆ ఒక్కడి చేతులనే, ఎందుకంటే ఇద్దరు సైగలు చేసిన చోట ఇరుసు విరగడం ఖాయం. బండి నడక మనిషి నడక కంటే నెమ్మది. ఈ క్రీడను వేగానికి సంబంధించినదిగా భావించేవారు దాన్ని దగ్గరగా చూడనివారే.

తెలుగువారికి జీపు పరిచయమైన తీరు మరొకటి. మహీంద్రా సోదరుల కంపెనీ 1949లో బొంబాయిలోని మజ్‌గావ్‌లో విల్లిస్ జీపులను విడిభాగాలతో బిగించడం మొదలుపెట్టి, తరువాత లైసెన్సు మీద సి.జె.-3బి నమూనాను దశాబ్దాల పాటు ఇక్కడే తయారుచేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 1959లో పంచాయతీ సమితులు ఏర్పడ్డాక పల్లెలకు ఆ బండి బి.డి.ఓ. గారి జీపుగా, ఎన్నికల వేళ మైకు కట్టిన జీపుగా, ఏజెన్సీ కొండల్లో కిక్కిరిసిన సర్వీసు జీపుగా కనిపించిందే గానీ ఆటవస్తువుగా కాదు. ఈనాటికీ బొర్రా గుహల దగ్గర నుంచి కటికి జలపాతం వైపు రాళ్ళదారిలో పర్యాటకులను చేరవేసే జీపు డ్రైవర్లు చేసే పనిని కాలిఫోర్నియాలో డబ్బిచ్చి, సెలవు పెట్టుకుని చేస్తారు. అయితే జార్జ్‌టౌన్ వాళ్ళు 1953లో కోరుకున్నదీ అరకు కొండల డ్రైవరు కోరుకునేదీ ఒక్కటే, పైఊరి మనిషి జేబులోని డబ్బు.

రూబికాన్ మీద కాలక్రమాన బండ్లు మారాయి. రెండు చక్రాలనూ కలిపి బిగించి డిఫరెన్షియల్ లోపాన్ని సరిచేసే లాకర్ అనే పరికరం, మరింత పెద్ద టైర్లు, మరింత చిన్న గేర్లు వచ్చాయి. జీప్ కంపెనీ 2003 మోడల్లో ముందు వెనక ఇరుసులకు లాకర్లు అమర్చిన బండికి ఈ బాట పేరే పెట్టుకుంది. బండి సత్తా పెరిగిన కొద్దీ పాత అడ్డంకులు చిన్నవైపోయాయి. మరింత గట్టి పరీక్ష కావాలనుకున్నవాళ్ళ వల్ల లిటిల్ స్లూయిస్ అనే ఇరుకు సందులో బండలు పేరుకుని, మామూలు జీపు దాన్ని చుట్టి పోవలసిన స్థితి వచ్చింది. గుర్రపుబండి నడిచిన దారిని బుద్ధిపూర్వకంగా అసాధ్యం చేయడం వినోదంలోని వెర్రితనమే అనక తప్పదు.

ఇదే కాలంలో చుట్టూ చట్టం మారుతూ వచ్చింది. 1964 నాటి సంరక్షిత అరణ్య చట్టం కింద, బాటకు దక్షిణాన ఉన్న డెసొలేషన్ అరణ్యం 1969లో మోటారుకు నిషిద్ధ ప్రాంతమైంది. రూబికాన్‌ను మూసివేయమన్న వాదం వచ్చినప్పుడల్లా దాన్ని కాపాడింది 1887 నాటి తీర్మానం. అది అడవిలోని కాలిబాట కాదు, కౌంటీ రహదారి, దాన్ని మూసే అధికారం అటవీశాఖకు సులభంగా లేదన్నది క్లబ్బుల వాదన. ఆ వాదన గట్టిదే గానీ దానికి రెండో అంచు ఉంది. రహదారి అయితే దాని మురికికీ యజమాని ఉండాలి. 2004లో బాట పక్కనున్న స్పైడర్ సరస్సు చుట్టుపక్కల మానవ మలం ఆరోగ్యానికి ప్రమాదకరంగా పేరుకుపోయిందని కౌంటీ అక్కడ విడిది చేయడాన్ని నిషేధించింది. 2009లో ప్రాంతీయ నీటి నాణ్యతా మండలి, వాగుల్లోకి చేరుతున్న మట్టిని, చమురును, మలాన్ని అరికట్టాలని కౌంటీనీ అటవీశాఖనూ కలిపి ఆదేశించింది.

అక్కడి నుంచి క్లబ్బుల పని స్వభావమే మారింది. 2001లో ఏర్పడిన ఫ్రెండ్స్ ఆఫ్ ది రూబికాన్ అనే సంఘం వాళ్ళు శని, ఆదివారాల్లో వించ్‌కు బదులు పార పట్టుకుని, నీరు బాట వెంట కాక పక్కకు పారేలా గట్లు వేశారు. కొట్టుకుపోయిన చోట్ల రాళ్ళు పరిచారు. చమురు ఒలికితే పీల్చే గుడ్డలు, మలాన్ని వెనక్కి తెచ్చే సంచులు ప్రతి బండిలో ఉండాలని ప్రచారం చేశారు. 2012లో అటవీశాఖ తన భూమి గుండా బాట పోయే హక్కును కౌంటీకి రాసి ఇచ్చింది. ఆ ఒప్పందంతో పాటే వాగుల మీద వంతెనలు వచ్చాయి. ఎల్లిస్ వాగు మీద ఉక్కు వంతెన వేయడంతో, అంతకుముందు చక్రాల్ని నీళ్ళలో ముంచుకుంటూ దాటే డ్రైవర్లలో కొందరు దారి చప్పబడిందని ఇప్పటికీ సణుగుతుంటారు.