ఒళ్లు పట్టే చేతులు

కిన్వట్ తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. ఆ ఏడు నవంబరు 1న గీతలు మార్చి మమ్మల్ని నాందేడ్ జిల్లాతో బొంబాయి రాష్ట్రంలో కలిపారు. కచేరీ కాగితాలు ఉర్దూ నుంచి మరాఠీకి మారాయి. మా తాత పని మాత్రం మారలేదు. ఆయన మంగలి. పొద్దున గడ్డాలు గీసేవాడు, పొద్దుగూకాక ఒళ్లు పట్టేవాడు.

ఆ రెండో పనికి గిరాకీ పెంచింది రైలు. 1931లో ముద్ఖేడ్ నుంచి ఆదిలాబాద్‌కు నిజాం రైలుదారి పడ్డాక టేకు కలపకు స్టేషను దగ్గరైంది. దుంగలెత్తే హమాలీలు తాత దగ్గరికి వచ్చేవాళ్లు. నొప్పి ఉన్నచోట ఆయన వెంటనే చెయ్యి పెట్టేవాడు కాదు. ముందు పదడుగులు నడిపించి వెనక నుంచి చూసేవాడు. ఎప్పుడూ ఒక భుజం మీదే మోసేవాడికి ఆ భుజం కిందికి జారి, రెండోవైపు నడుము పట్టేస్తుందని ఆయన లెక్క. అందుకని నొప్పిలేని పక్కనే మొదలుపెట్టేవాడు. ఇప్పనూనె గోరువెచ్చగా చేసి, వెన్ను పక్కన బొటనవేళ్లతో పైనుంచి కిందికి దిగి, ఆఖర్న కాలు పట్టి ఈడ్చేవాడు. "లేచి నిలబడు, మెడ ఎటుపోతుందో చెప్పు" అనేవాడు. బోర్లా పడుకున్నప్పుడు తగ్గిన నొప్పి ఆయన లెక్కలో తగ్గినట్టు కాదు.

అవ్వ మంత్రసాని. కాళ్లు చాచి కూర్చుని, పసిబిడ్డను వాటి మీద వేసుకుని, కుడిచేతిని ఎడమకాలికీ ఎడమచేతిని కుడికాలికీ తాకించి వదిలేది. పెద్దవాళ్ల నడుములు తాత చూస్తే, ఆ నడుములకు పునాది అవ్వ చేతిలో పడేది.

పుస్తకాల్లో ఈ విద్యకు మంచి గౌరవమే ఉంది. నూనె రాస్తే కుండ, తోలు, బండి ఇరుసు ఎలా గట్టిపడతాయో శరీరమూ అంతేనని చరకసంహిత చెబుతుంది. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు రాసిన మానసోల్లాసంలో రాజుగారి అభ్యంగనమూ, మల్లుల కసరత్తూ రెండూ ఉన్నాయి. చేతికి మాత్రం ఆ గౌరవం దక్కలేదు. తాతకు పంటరోజుల్లో కల్లంలో గింజలు ముట్టేవి. మరాఠీ ఇళ్లవాళ్లు దాన్ని బలుతా అనేవారు, మనవాళ్లు మేర అనేవారు. ఒళ్లు పట్టించుకుని హాయిగా మూలిగినవాళ్లే, నూనెతోపాటు ఆయన ముట్టుకున్న మైల కూడా పోవాలని తలస్నానం చేసేవాళ్లు.

కుస్తీ నేర్పే తాలీముల్లో కొంచెం నయం. అక్కడ ఒకరి ఒళ్లు ఒకరు పట్టేవారు. విదర్భవైపు అమరావతిలో 1914లో పుట్టిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి కసరత్తును బడిచదువులా నేర్పింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ వేళ ఆ జట్టు మన వ్యాయామాలను అక్కడ ప్రదర్శించి వచ్చింది. నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్నయింది ఆ గాలి సోకే.

అమెరికాలో ఇదే పనికి సంస్థలు లేచాయి. ఆండ్రూ టేలర్ స్టిల్ 1874లో ఆస్టియోపతీని ప్రకటించాడు. 1895లో డి.డి. పామర్ వెన్నుపూసలు సర్దడంతో కైరోప్రాక్టిక్ మొదలుపెట్టాడు. జీవరసాయన శాస్త్రంలో డాక్టరేటు ఉన్న ఐడా రోల్ఫ్, కండరాల చుట్టూ ఉండే పొరను చేత్తో సాగదీసి మనిషి నిలువును సరిచేయాలంది. దానికి పది విడతలు పెట్టింది. నడిపించి చూడటం, నిలబెట్టి అడగటం వాళ్ల పద్ధతుల్లోనూ ఉన్నాయి. వాళ్లు రాసిపెట్టారు, మావాళ్లు రాయలేదు. తేడా చాలావరకు అంతే అంటాను.

అలాగని మా విద్యంతా వెనకేసుకు రాను. సెలూన్లో మెడను ఠక్కున తిప్పి విరిచే అలవాటు నాకు నచ్చదు. అరుదుగానైనా మెడలోని రక్తనాళం చిరిగి పక్షవాతం రావచ్చు. తాత మెడను సాగదీసేవాడు గానీ మెలిపెట్టేవాడు కాదు.

ఇక తన్నించుకోవడం. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తంతే పట్టేసిన నడుము వదులుతుందని తెలుగువాళ్ల నమ్మకం, మరాఠీవాళ్లదీ అదే. అలాంటివాణ్ని వాళ్లు పాయాళూ అంటారు. మా పెద్దమ్మ కొడుకు అలా పుట్టాడు. షావుకారు మొదలు పోలీసు జవాను దాకా వాకిట్లో వంగి వాడిచేత తన్నించుకుని బెల్లం ముక్క ఇచ్చి పోయేవారు. తాత దీన్ని ఒప్పుకునేవాడు కాదు, కాదనేవాడూ కాదు. "రెండ్రోజులాగితే అదే పోతుంది, ఈలోపు పిల్లోడికి బెల్లం" అనేవాడు. ఇప్పుడు ఎదురుకాళ్ల బిడ్డల్ని ఆసుపత్రిలో ఎక్కువగా కడుపుకోసి తీస్తున్నారు. అలా పుట్టినవాడి తన్ను పనిచేస్తుందా లేదా అన్నది మా వాడ ముసలమ్మల మధ్య ఇంకా తగువే.