అలసంద వడయు అకరయు: ఒక వంటకపు వంశవిచారము

వంటకముల చరిత్రను పరిశీలించువారికి తరచుగా నొక చిక్కు కలుగుచుండును. సముద్రములచే వేరుపడిన రెండు దేశములందు ఒకే విధమైన వంటకము కానవచ్చినపుడు, అది యొకచోటనుండి మఱియొకచోటికి పోయినదా, లేక రెండుచోట్లను వేర్వేరుగా పుట్టినదా యని నిర్ణయించుట యెట్లు? రెండు భాషలందలి సమానపదములను గూర్చి భాషాశాస్త్రమున మనము వేయు ప్రశ్నయే యిది. కేవల సాదృశ్యము అచట సాక్ష్యము కానట్లే యిచటను గాదు. ఇందులకు నిదర్శనముగా మన యిండ్లలో వండుకొను అలసంద వడను, పశ్చిమాఫ్రికాయందలి అకరను, బ్రెజిల్ దేశపు అకరజేను ఈ వ్యాసమున పరిశీలింతును.

అలసందలనే కొన్ని మండలములందు బొబ్బర్లందురు. వీనిని కొన్ని గంటలు నానవైచి, కొలదినీటితో బరకగా రుబ్బి, అల్లము, పచ్చిమిరప, ఉల్లి, కరివేపాకు చేర్చి, ఆకుమీదనో తడిచేతిమీదనో తట్టి నూనెలో వేచుట మన పద్ధతి. నైజీరియాయందలి యోరుబా గృహిణి ఆ గింజలనే నానవైచి, పొట్టు తీసి, ఉల్లితోడను మిరపతోడను రుబ్బి, పిండి తేలికయగునట్లు బాగుగా గిలకొట్టి, గరిటెతో కాగిన నూనెలోనికి జారవిడుచును. ఉదయమున జావతో దానిని తినుట అచటి వాడుక. వయోవృద్ధులు గతించినపుడు అకర వండి పంచుటయు వారి యాచారము. మన పితృకార్యములందు గారెకు గల స్థానము తెలిసినదే. ఇంత సాదృశ్యమును చూచినవారు రెండింటికిని మూలమొక్కటియే యని తొందరపడుట సహజము. నేనును మొదట అట్లే తలంచితిని.

గింజవరకు ఆ తలంపు సత్యమే. అలసంద ఆఫ్రికాయందు పుట్టిన పంట. ఘానాదేశమున కింటాంపో సంస్కృతికి చెందిన స్థలములందు దొరకిన మాడిన గింజలు క్రీ. పూ. రెండవ సహస్రాబ్ది పూర్వార్ధము నాటివి. ఆ సహస్రాబ్దియందే యీ పంట భారతదేశమును చేరినది. సంస్కృతమున దీనికి రాజమాషమని పేరు. మాషమనగా మినుము. క్రొత్తగా వచ్చిన గింజను, అంతకుముందే యెరిగిన గింజపేరుతో పిలిచిరనుట సమంజసము. ఇక అలసంద శబ్దమును, పాళీ వాఙ్మయమున అలెగ్జాండ్రియాకు గల 'అలసంద' యను పేరుతో కొందరు ముడిపెట్టుదురు. ధ్వనిసామ్యము ఆకర్షకమే. కాని అలెగ్జాండరు పేర వెలసిన నగరములేవియు క్రీ. పూ. నాలుగవ శతాబ్దికి ముందువి కావు. గింజ అంతకు అనేక శతాబ్దములకు పూర్వమే యిచటికి వచ్చియుండెను. కావున ఆ వ్యుత్పత్తి నిలిచినను, దానివలన పేరు చరిత్ర తెలియునే గాని గింజ చరిత్ర తెలియదు.

వంటకము మాట వేరు. మినుము భారతదేశమున పుట్టిన పంట. కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుని (1126-1138) మానసోల్లాసమున అన్నభోగ ప్రకరణము కలదు. మినుములను నానవైచి, పొట్టు తీసి, రుబ్బి, నూనెలో వేచు వటకము అందు వర్ణితము. మన 'వడ' యీ వటకమునుండి వచ్చినది. 'గారె' తెలుగు పలుకు. అలసందతో చేసినదానికి ప్రత్యేకనామము లేదు. మినపగారె, పెసరగారె యన్నట్లే అలసందగారె యందుము. పాతపేరునకు ముందు గింజపేరు చేరినది, అంతే. అనగా అతిథిగా వచ్చిన గింజ, ఇచట నున్న వంటకమున చోటు సంపాదించుకొన్నది. అమెరికా ఖండమునుండి వచ్చిన మిరపయు తరువాత అట్లే చేరినది. మిరప చేరినంతమాత్రమున వడ అమెరికా వంటకము కాలేదు. అలసంద చేరినంతమాత్రమున ఆఫ్రికా వంటకమును గాలేదు.

బ్రెజిల్ విషయము దీనికి పూర్తిగా భిన్నము. బయీయా రాష్ట్రమున సాల్వడోర్ నగరవీథులందు అమ్మబడు అకరజేకు పేరే జన్మపత్రిక. యోరుబా భాషయందు అకర వంటకమునకు పేరు. జె యనగా తినుట. పేరుతోపాటు అలసంద గింజయు, దెందె యని యచట పిలువబడు ఎర్రని ఆఫ్రికా తాటినూనెయు వచ్చినవి. యోరుబాల ఓయా దేవత అచట ఇయాన్సాయను పేర నివేదనము లందుకొనుచున్నది. ఆ నివేదనమును ఈ వంటకమే. మాన్యుఎల్ కెరీనో (1851-1923) బయీయా పాకకళను గూర్చి వ్రాసిన గ్రంథము ఆయన మరణానంతరము 1928లో వెలువడినది. గింజ నానవైచుట, పొట్టు తీయుట, రాతిమీద నూరుట అందు చెప్పబడినవి. ఇచట నామము, ద్రవ్యము, విధానము, ఆచారము అను నాలుగును ఏకముఖముగా సాక్ష్యమిచ్చుచున్నవి. ఇది సాదృశ్యము కాదు, వంశపారంపర్యము.

ఆ వంటకమును తెచ్చినవారు స్వేచ్ఛగా వచ్చినవారు కారు. బానిసలుగా ఓడలలో తేబడినవారు. యజమానులు కొందరు స్త్రీలను వీథులకు పంపి తినుబండారముల నమ్మించి, రాబడిలో భాగమును గైకొనుచుండిరి. మిగిలిన దానిని కూడబెట్టి తమ స్వేచ్ఛను తాము కొనుక్కొన్న స్త్రీలు కలరు. బ్రెజిల్‌లో బానిసత్వము 1888 మే 13న రద్దయినది. అకరజే నమ్ము స్త్రీల వృత్తిని ఆ దేశప్రభుత్వము 2005లో జాతీయ వారసత్వముగా నమోదు చేసినది.

ఇందువలన మనకు తేలుచున్నది రెండు విషయములు. గింజ, పేరు, పద్ధతి, ఆచారము అనువానిని వేర్వేరుగా తూచిన పిమ్మటనే వంటకపు వంశమును నిర్ణయింపవలెను. మాండలికపదములను సేకరించు విద్యార్థులు వంటింటి పేర్లతోపాటు ఆ పిండి రుబ్బు తీరును, వండు సందర్భమును గూడ వ్రాసికొనవలయును. రెండవది, శాసనములును గ్రంథములును విడిచిన జనుల చరిత్ర యిట్టిచోట్ల నిలిచియుండును. ఆ స్త్రీలకు జ్ఞానస్నానముతో క్రొత్తపేర్లు పెట్టబడెను. వారి వంటకమునకు మాత్రము పాతపేరే మిగిలినది.