కోట కాని కోట – హిల్‌ఫోర్ట్ ప్యాలెస్

ప్రత్యేక సంచికకు అబిడ్స్, నాంపల్లి ప్రాంతాల గురించి ఏదైనా రాయమని మన కార్యదర్శి గారు కోరారు. చార్మినార్ గురించి రాసేవారు చాలామంది ఉన్నారు కనుక, నాంపల్లికి దగ్గరలోనే నౌబత్ పహాడ్ పక్కనున్న హిల్‌ఫోర్ట్ ప్యాలెస్ గురించి రాస్తున్నాను. మన తరం వారికి 'రిట్జ్ హోటల్' అంటేనే గుర్తు.

పేరులో ఫోర్టు ఉన్నా అక్కడ ఏ యుద్ధమూ జరగలేదు. 1915లో కట్టించినది సర్ నిజామత్ జంగ్. ఆయన హైకోర్టు న్యాయమూర్తి, ఇంగ్లీషులో కవిత్వం రాసినవారు. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీలో చదివారు. ఆ కాలేజీ పోలికలోనే బురుజులతో ఇల్లు కట్టుకున్నారు. మనమైతే కాలేజీ గ్రూపు ఫోటో గోడకు తగిలించుకుని ఊరుకున్నాము!

తరువాత ఏడవ నిజాం దానిని కొని, రెండవ కుమారుడు మొజంజాహీకి నివాసంగా ఇచ్చారు. అబిడ్స్ దాటగానే వచ్చే మొజంజాహీ మార్కెట్టు ఆయన పేరిటిదే. 1931లో ఆయన పెళ్ళాడిన టర్కీ రాజవంశపు నీలోఫర్ పేరు నేటికీ పిల్లల ఆసుపత్రికి ఉంది.

సంస్థానం విలీనమయ్యాక, 1950లలో అందులో రిట్జ్ హోటల్ వెలిసింది. నేను గుమాస్తాగా చేరిన కొత్తలో మా పై అధికారి రిటైర్మెంటు టీ పార్టీ అక్కడే జరిగింది. తలపాగా బేరరు వంగి కప్పు అందిస్తే కంగారులో నేనే లేచి నిలబడ్డాను. రాకుమారుడి ఇంట్లో గుమాస్తా టీ తాగడం హోటలు పుణ్యమే. గదులు అద్దెకు పోవాలంటే పైకప్పు కారకూడదు కదా! మంచి కోసమో లాభం కోసమో, భవనాన్ని ఇన్నేళ్ళు నిలబెట్టింది ఆ హోటలే.

1990లలో హోటలు మూతపడింది. తాళం పడ్డాక ఊడ్చే దిక్కు లేదు. కప్పులు కారాయి, గోడల్లో మొక్కలు మొలిచాయి. ఇదే ఊళ్ళో వికారుల్ ఉమ్రా కట్టించిన ఫలక్‌నుమా మరమ్మతులు పొంది 2010లో తాజ్ హోటలుగా తలుపులు తెరిచింది. దీనికి ఆ యోగం పట్టలేదు. చివరికి 2020లో హైదరాబాద్ హెరిటేజ్ ట్రస్ట్ వారు భవనాన్ని కాపాడమని హైకోర్టుకు వెళ్ళారు. న్యాయమూర్తి కట్టిన ఇల్లు న్యాయస్థానం గడపే ఎక్కింది.

మనలో ఎవరి వద్దనైనా రిట్జ్‌లో తీసిన పెళ్ళి విందు ఫోటోలు ఉంటే దయచేసి సంఘం ఆఫీసులో ఇవ్వగలరు. కాపీ తీసుకుని భద్రంగా తిరిగి ఇస్తాము.