స్టోన్ ద క్రోస్: గిటారు మూగబోయిన తరువాత

స్టోన్ ద క్రోస్ స్కాట్లండులోని గ్లాస్గో నగరానికి చెందిన రాక్ బృందం. 1969లో ఏర్పడి 1973లో అంతరించింది. ఈ పేరుకు మాటకు మాట అర్థం చెబితే కాకులను రాళ్లతో కొట్టడమని వస్తుంది. కాని ఆంగ్లేయుల వాడుకలో అది ఆశ్చర్యార్థకం, మన "ఔరా!" వంటిది.

గాయని మ్యాగీ బెల్, గిటారు వాద్యకారుడు లెస్ హార్వే ఈ బృందానికి మూలస్తంభాలు. వారిది సంగీతంలోనే కాక జీవితంలోనూ సహచర్యం. లెస్ ప్రసిద్ధ గాయకుడు అలెక్స్ హార్వేకు తమ్ముడు. 1971లో ఇద్దరు సభ్యులు వైదొలగినా బృందం నిలదొక్కుకున్నది. వారి స్థానాలను మరి ఇద్దరు భర్తీ చేశారు. లెస్ స్థానం అటువంటిది కాదు.

1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీ పట్టణంలో, ప్రేక్షకుల ఎదుట వేదికపైనే, లెస్ విద్యుద్ఘాతానికి గురై మరణించాడు. వయస్సు 27 సంవత్సరాలు. అతడు తాకిన మైకుకు ఎర్తింగు లేదు. ఎర్తింగు అనగా పరికరంలోకి దారితప్పి వచ్చిన విద్యుత్తును భూమిలోకి పంపే ఏర్పాటు. గిటారు తీగలకు సాధారణంగా ఆంప్లిఫైయరు ద్వారా ఆ ఏర్పాటు ఉంటుంది. ఒక చేత గిటారు పట్టుకొని, మరొక చేత లోపమున్న మైకును తాకిన వాద్యకారుని దేహమే విద్యుత్తుకు మార్గమవుతుంది. ఒక్క తీగ సరిగా కలిపి ఉంటే ఈ వ్యాసానికి ఇటువంటి శీర్షిక ఉండేది కాదు.

ఆ నెలలోనే లింకన్ సమీపాన జరిగిన సంగీతోత్సవంలో యెస్ బృందానికి చెందిన స్టీవ్ హౌ వీరికి తోడుగా వాయించాడు. పిమ్మట జిమ్మీ మెక్‌కలక్ చేరాడు. అతడూ స్కాట్లండువాడే, థండర్‌క్లాప్ న్యూమన్ బృందంలో పదహారేళ్లకే పేరు పొందాడు. లెస్ అసంపూర్తిగా విడిచిన నాలుగవ ఆల్బములో మిగిలిన గిటారు భాగాలను అతడే పూరించాడు. ఆ ఆల్బము పేరు 'ఆంటిన్యువస్ పెర్ఫార్మెన్స్'. "నిరంతర ప్రదర్శన" అనే అర్థమిచ్చే ఆంగ్ల పదబంధంలో తొలి అక్షరం లోపించిన రూపమిది. యాదృచ్ఛికమైనా ఆ లోపం నేటి శ్రోతకు మనసులో గుచ్చుకొంటుంది. బ్రిటన్ ఆల్బముల పట్టికలో అది 33వ స్థానానికి చేరింది. బృందానికి అంతకుముందెన్నడూ దక్కని ఆదరణ అది.

అయినా జిమ్మీ ప్రతిభకు లోటు లేకున్నా, ఇద్దరి సహచర్యంపై నిలిచిన బృందం ఏడాదికి మించి ఎంతో కాలం సాగలేదు. 1974లో మ్యాగీ 'క్వీన్ ఆఫ్ ద నైట్' అనే తొలి స్వతంత్ర ఆల్బమును వెలువరించింది. జిమ్మీ అదే సంవత్సరం పాల్ మెకార్ట్నీ బృందమైన వింగ్స్‌లో చేరాడు. 1979లో, 26 ఏళ్లకే, కన్నుమూశాడు.