ప్రొజెక్టర్ టిప్స్: ఇంట్లో బొమ్మ మసకగా పడుతోందా? మెషీన్ వాపసు పంపే ముందు ఇవి చెక్ చేయండి

ఒకప్పుడు బొమ్మ చూడాలంటే టూరింగ్ టాకీస్ డేరా ఊళ్లోకి రావాలి, లేదంటే టౌన్‌కు పోవాలి. ఇప్పుడు అరచేతిలో పట్టే ప్రొజెక్టర్ ఒకటి ఉంటే చాలు, ఇంటి గోడే వెండితెర. కర్నూలు జిల్లా కోసిగి లాంటి మండల కేంద్రాలకు కూడా ఇవి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే వచ్చేస్తున్నాయి. అసలు తంటా ఆ తర్వాతే. ఐపీఎల్ మ్యాచ్ పెడితే బంతి కనపడదు, సినిమా పెడితే మొహాలు పచ్చగా కనిపిస్తాయి. ఈ ప్రాంతం నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు గుంటూరు మిర్చి చేలకు, బెంగళూరుకు పనుల కోసం వలస వెళ్తాయి. అలా కూడబెట్టిన డబ్బుతో కొన్న వస్తువు మూలన పడితే బాధే కదా! అయితే తప్పు ప్రతిసారీ మెషీన్‌ది కాకపోవచ్చు. అసలు ఏం చూసుకోవాలంటే..

ముందు టేపు తీయండి

బాక్స్ మీద లేదా మాన్యువల్‌లో 'త్రో రేషియో' అని ఒక నంబర్ ఉంటుంది. గోడ మీద బొమ్మ ఎంత వెడల్పు పడాలో దాన్ని ఈ నంబర్‌తో గుణిస్తే, మెషీన్ ఎంత దూరంలో పెట్టాలో తెలిసిపోతుంది. ఉదాహరణకు 100 అంగుళాల తెర వెడల్పు సుమారు 7.3 అడుగులు. త్రో రేషియో 1.2 అయితే ప్రొజెక్టర్‌ను 8.7 అడుగుల దూరంలో పెట్టాలి. అదే 80 అంగుళాల తెరకైతే 7 అడుగులు చాలు.

పెద్ద తెర కావాలా? వెలుగు ఉందా?

చాలామంది చేసే తప్పు ఇదే. బొమ్మను గోడంతా పరిచేస్తారు. ఉన్న వెలుగే అంత మేరా పంచుకోవాలి కాబట్టి బొమ్మ వెలిసిపోతుంది. దీనికో చిన్న లెక్క ఉంది. ప్రొజెక్టర్ అన్సి ల్యూమెన్స్‌ను తెర చదరపు అడుగులతో భాగించాలి. థియేటర్లలో ఇది 14 దగ్గర ఉండాలన్నది ప్రమాణం. 80 అంగుళాల తెర సుమారు 19 చదరపు అడుగులు. 250 అన్సి ల్యూమెన్స్ మెషీన్ అయితే 13 వస్తుంది, చీకటి గదిలో బొమ్మ బాగానే ఉంటుంది. అదే మెషీన్‌తో 100 అంగుళాలు వేస్తే, అంటే 30 చదరపు అడుగులకు, 8 మాత్రమే వస్తుంది. పగటి పూట కిటికీ తెరిచి ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

ఇక్కడో మెలిక ఉంది. ప్రకటనల్లో '9000 ల్యూమెన్స్' అని పెద్ద అక్షరాలతో రాసినా, పక్కన 'అన్సి' లేదా 'ఐఎస్ఓ' అన్న మాట లేకపోతే ఆ అంకెను నమ్మొద్దు. అలాగే '4కే సపోర్ట్' అంటే 4కే వీడియోను తీసుకుంటుందని మాత్రమే అర్థం. తెరపై ఎంత క్లారిటీ వస్తుందో చెప్పేది 'నేటివ్ రెజల్యూషన్'.

గోడ రంగు కూడా ముఖ్యమే

నీలం, ఆకుపచ్చ రంగు గోడ మీద వేస్తే ఆ రంగు బొమ్మకూ అంటుకుంటుంది. మెరుపు లేని తెల్ల పెయింట్ మంచిది. సున్నం గోడ అయినా నునుపుగా ఉంటే పర్వాలేదు. ఆయిల్ పెయింట్ గోడ మాత్రం వెలుగును అద్దంలా తిప్పికొడుతుంది.

కీస్టోన్ చివరి ఆయుధం

ప్రొజెక్టర్‌ను కింద పెట్టి పైకి ఎత్తితే బొమ్మ పైన వెడల్పుగా, కింద సన్నగా పడుతుంది. వెంటనే అందరూ కీస్టోన్ బటన్ నొక్కేస్తారు. అది బొమ్మను డిజిటల్‌గా నొక్కి సరిచేస్తుంది. దాంతో కొన్ని పిక్సెల్స్ వృథా అయి షార్ప్‌నెస్ తగ్గుతుంది. అందుకే ముందు స్టాండ్ ఎత్తు మార్చి, మెషీన్‌ను గోడకు ఎదురుగా నిటారుగా పెట్టండి. ఇంకా కాస్త వంకర మిగిలితే అప్పుడు కీస్టోన్ వాడండి.

తర్వాత ఫోకస్. సినిమా నడుస్తుండగా కాకుండా, మెనూలోని అక్షరాలను చూస్తూ సరిచేయండి. మధ్యలో స్పష్టంగా ఉండి ఒక పక్క మాత్రమే మసకగా ఉంటే మెషీన్ వంకరగా ఉందేమో చూడండి. అరగంట నడిచాక మెషీన్ వేడెక్కి ఫోకస్ కొద్దిగా జారొచ్చు. అప్పుడు ఇంకోసారి సరిచేస్తే సరి.

రంగులు ఇలా సెట్ చేయండి

* పిక్చర్ మోడ్‌ను 'వివిడ్' లేదా 'డైనమిక్' నుంచి 'సినిమా' లేదా 'మూవీ'కి మార్చండి. మొహాల్లో పచ్చదనం చాలావరకు పోతుంది.
* రాత్రి సీన్ పెట్టి బ్రైట్‌నెస్ సరిచేయండి. నల్ల జుట్టులో పాయలు కనపడాలి, అలాగని నలుపు బూడిద రంగులోకి మారకూడదు.
* తెల్ల పంచె కట్టిన సీన్ పెట్టి కాంట్రాస్ట్ చూడండి. పంచె మడతలు కనపడకుండా పోతే కాంట్రాస్ట్ తగ్గించండి.
* కలర్ టెంపరేచర్‌ను 'వార్మ్'లో పెట్టండి.
* మనుషులు సాగినట్టు కనిపిస్తే యాస్పెక్ట్ రేషియోను 16:9 లేదా 'ఆటో' చేయండి. కొన్ని సినిమాలకు పైన, కింద నల్ల పట్టీలు రావడం మామూలే.
* బ్లూటూత్ స్పీకర్‌లో మాట ఆలస్యంగా వస్తుంటే వైరుతో కనెక్ట్ చేసి చూడండి.

ఎండ, దుమ్ము, కరెంటు

రాయలసీమ వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చాలా ప్రొజెక్టర్లు 35 నుంచి 40 డిగ్రీల వరకే పనిచేసేలా తయారవుతాయి. అందుకే మిద్దె మీద షో వేయాలంటే వేడి తగ్గాకే మొదలుపెట్టండి. గాలి రంధ్రాలను గోడకు ఆనించొద్దు, దుప్పటి మీద పెట్టొద్దు. ఫిల్టర్‌లో దుమ్ము పేరుకుంటే లోపల వేడెక్కి దానంతటదే ఆగిపోతుంది. ల్యాంప్ ఉన్న మోడల్ అయితే ఆపగానే ప్లగ్ తీయకండి, ఫ్యాన్ తిరగడం ఆగేదాకా ఉండండి. కరెంటు తరచూ పోయే చోట ఇన్వర్టర్ లేదా యూపీఎస్ ఉంటే మేలు. ముఖ్యంగా, పిల్లలను లెన్స్‌లోకి సూటిగా చూడనివ్వొద్దు.

అప్పటికీ బాగుపడకపోతే?

ఇవన్నీ రిటర్న్ గడువు లోపే చేసి చూడండి. బాక్స్, బిల్లు పారేయొద్దు. ప్రకటన పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. చెప్పింది ఒకటి, వచ్చింది ఒకటి అయితే, అమ్మిన వాళ్లు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. తప్పుడు ప్రకటనలపై చర్యలకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో వీలుంది. సెట్టింగ్ తప్పయితే పది నిమిషాల్లో సరిచేసుకోవచ్చు. మోసమైతే మాత్రం ఊరుకోవాల్సిన పని లేదు.