ఓడ పగిలినవాళ్ళకి రాసిచ్చిన మాట

నేనుంటున్న ఇంగ్లాండులో ఉత్తరాల కోసం వీధి తలుపుకే ఒక సందు ఉంటుంది. పోస్టుమాన్ అందులోంచి జారవిడిస్తే ఉత్తరం లోపల కాళ్ళపట్టా మీద పడుతుంది. ఖాకీ రంగు కవరు పడిన చప్పుడు నాకు వేరుగా తెలుస్తుంది. వికలాంగుల భత్యాలు చూసే శాఖ నుంచి వచ్చేవి ఆ రంగు కవర్లే. ‘బ్రౌన్ ఎన్వలప్’ అంటే చాలు, మా పిల్లవాడిలాంటి పిల్లలున్న ఇళ్ళల్లో విషయం అర్థమైపోతుంది.

మావాడికి పదకొండేళ్ళు. ఆటిజం ఉంది. మాటలు తక్కువ. రోడ్డు మీద బండ్లు వస్తున్నాయని చూసుకోడు, నీళ్ళు కనబడితే చెయ్యి విడిపించుకుని పరిగెడతాడు. వాడికొచ్చే భత్యానికి గడువు ముగుస్తోందనీ, కావాలంటే మళ్ళీ దరఖాస్తు నింపి పంపమనీ మొన్న వచ్చిన కవరులో ఉంది.

ఆ వారంలోనే ఆంధ్ర తీరంలోని వాడరేవు నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది.

“అక్కా, పాపని మళ్ళీ పరీక్షకి తీసుకురమ్మని కాగితం ఇచ్చారు. శాతం తగ్గిందని రాస్తే పింఛను ఆపేస్తారంట. దాని సంగతి నీకు తెలుసు గదా, కొత్తవాళ్ళని చూస్తే కిక్కురుమనకుండా కూర్చుంటుంది. పిల్ల బాగానే ఉంది గదమ్మా అని డాక్టరు అంటే నేనేం చెప్పేది?”

పాపకి తొమ్మిదేళ్ళు, దానికీ ఆటిజమే. నెలకి ఆరు వేల రూపాయల పింఛను వస్తుంది. మా మరిది పడవ మీద వేటకి పోతాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మిగతా రోజుల్లో కూడా సముద్రం ఎప్పుడిస్తుందో, ఎప్పుడు లేదంటుందో తెలియదు. ఒకటో తారీకున నికరంగా చేతికందేది పాప పింఛనే.

నేను చెల్లికి ధైర్యం చెప్పబోయి ఆగిపోయాను. నా బల్ల మీద నా కాగితాలు అలాగే ఉన్నాయి. నింపడానికి నాకే చెయ్యి రాలేదు. ఆ భయం ఎక్కడిదో, ఇంగ్లాండులో ఈ భత్యం ఎలా వచ్చిందో తెలుసుకున్నాకే నా చెయ్యి కదిలింది. అందుకే ఆ కథ మనవాళ్ళకి చెప్పాలనిపించింది.

ముందు ఈ భత్యం సంగతి. పదహారేళ్ళ లోపు పిల్లలకి ఇచ్చేదాన్ని డిజెబిలిటీ లివింగ్ అలవెన్స్ అంటారు. ఇందులో రెండు భాగాలు. పిల్లవాడిని కనిపెట్టుకుని ఉండడానికి ఒకటి, బయట తిరగడానికి ఒకటి. 2025-26లో మొదటిది అవసరాన్నిబట్టి వారానికి 29.20 పౌండ్ల నుంచి 110.40 పౌండ్ల దాకా, రెండోది 29.20 లేదా 77.05 పౌండ్లు. తల్లిదండ్రుల జీతం ఎంతో అడగరు. పిల్లవాడికి ఎంత సాయం కావాలో మాత్రమే అడుగుతారు. వీసాల మీద వచ్చిన మనవాళ్ళు చాలామందికి ఇది అందదు. ‘పబ్లిక్ ఫండ్స్’ తీసుకోకూడదనే షరతు వీసాతోనే వస్తుంది. శాశ్వత నివాసం దొరికేదాకా ఏ సాయమూ లేకుండా నెట్టుకొచ్చిన తెలుగు కుటుంబాలు నాకు తెలుసు. మేమూ అలాగే నెట్టుకొచ్చాం.

దరఖాస్తు నలభై పేజీల దాకా ఉంటుంది. అడిగేది ఒక్కటే: మీ పిల్లవాడు ఏం చేసుకోలేడు? పళ్ళు తోముకోగలడా? పక్కన మనిషి లేకుండా ఎంతసేపు ఉండగలడు? రాత్రి ఎన్నిసార్లు లేస్తాడు, లేచిన ప్రతిసారీ మీరు ఎంతసేపు మేలుకుంటారు?

మన ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి ఇది రాయడం ఎంత కష్టమో చెప్పలేను. అశుభం నోటితో అనకూడదు, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు అని మా అమ్మమ్మ అనేది. బిడ్డకి జ్వరం వచ్చినా ‘ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది’ అనేవాళ్ళం గాని జ్వరమని పైకి అనేవాళ్ళం కాదు. అలాంటి నోటితో పెరిగి, ‘వాడు చేయలేడు, వాడికి తెలియదు, వాడికి రాదు’ అని నలభై పేజీలు రాయాలి. పోయిన నెలలో వాడు మొదటిసారి నా కళ్ళల్లోకి చూసి ‘అమ్మా, నీళ్ళు’ అన్నాడు. ఆ సంగతి రాయడానికి ఇందులో చోటు లేదు. రాస్తే బాగుపడ్డాడనుకుంటారేమో అని భయం. కన్నబిడ్డ ఒక మెట్టెక్కితే సంతోషించాల్సింది పోయి భయపడాల్సి రావడం, ఈ గడువు కాగితాలు తెచ్చే దుఃఖాల్లో అన్నిటికన్నా పెద్దది.

మనం చెప్పేది నిజమేనా అనే ఈ అనుమానపు చూపుకి ఇక్కడ నాలుగు వందల ఏళ్ళ వయసుంది. మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో, 1601లో, పేదల చట్టం వచ్చింది. ప్రతి చర్చి పరిధిలోని ఊరూ తన పేదలని తానే పోషించాలి. దానికి పన్ను వసూలు చేయాలి. ముసలివాళ్ళు, గుడ్డివాళ్ళు, కుంటివాళ్ళు ఒక వర్గం. ఒంట్లో శక్తి ఉండీ పనిచేయనివాళ్ళు ఇంకో వర్గం. ఎవరు నిజంగా చేతకానివాళ్ళు, ఎవరు నటిస్తున్నారు అని తేల్చే పని ఊరి అధికారికి వచ్చింది. 1834లో ఆ చట్టాన్ని ఇంకా బిగించారు. సాయం కావాలంటే వర్క్‌హౌస్ అనే పెద్ద గోడల ఇంట్లో చేరాలి. బయట అతి తక్కువ కూలికి పనిచేసేవాడి బతుకుకన్నా లోపలి బతుకు హీనంగా ఉండాలన్నది దాని సూత్రం. మొగుడూ పెళ్ళాలని, తల్లీపిల్లలని విడివిడిగా ఉంచేవారు. ఆ తర్వాత 1913లో మానసిక వైకల్య చట్టం వచ్చి, బుద్ధి ఎదగనివాళ్ళని నాలుగు తరగతులుగా విడగొట్టింది. వాళ్ళని ఊళ్ళకి దూరంగా సంస్థల్లో ఉంచడానికి వీలు కల్పించింది. మావాడు ఆ కాలంలో పుట్టుంటే అలాంటి గోడల వెనకే పెరిగేవాడేమో.

రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా, 1942లో విలియం బెవరిడ్జ్ ఇచ్చిన నివేదిక ఈ దేశపు సంక్షేమానికి పునాది. 1948 జులై 5న అందరికీ ఉచిత వైద్యం మొదలైంది. కానీ బెవరిడ్జ్ ఇంటికి ఒక కిటికీ తక్కువైంది. ఆ ఏర్పాటు బీమా పద్ధతిలో నడిచింది. ఉద్యోగంలో ఉండి చందా కట్టినవాడికి జబ్బుచేస్తే డబ్బు వస్తుంది. యుద్ధంలో కాలు పోతే పింఛను, కర్మాగారంలో చెయ్యి పోతే పరిహారం. పుట్టుకతోనే వైకల్యం ఉన్నవాడు ఏ ఉద్యోగం చేశాడు, ఏ చందా కట్టాడు? ఇంట్లో చాకిరీ చేసే ఆడమనిషి మంచాన పడితే ఆమె ఏ జీతం పోగొట్టుకున్నట్టు? వాళ్ళ పేర్లు ఆ లెక్కలోకే రాలేదు.

ఆ కిటికీ తెరిచింది తల్లులు, ఇల్లాళ్ళు.

1962లో కొందరు తల్లిదండ్రులు లండన్‌లో కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఇప్పటి నేషనల్ ఆటిస్టిక్ సొసైటీ అదే. వాళ్ళలో లోర్నా వింగ్ ఒకరు. ఆమె మానసిక వైద్యురాలు, ఆమె కూతురు సూసీకి ఆటిజం. తల్లి ప్రేమ చూపకపోవడంవల్లే పిల్లలు ఇలా అవుతారని పేరున్న వైద్యులే అంటున్న రోజులవి. కన్నందుకు కష్టమూ తల్లిదే, నిందా తల్లిదే. ఆ మాట తప్పని చెప్పడానికి లోర్నా తన చదువంతా ధారపోసింది. జూడిత్ గూల్డ్‌తో కలిసి లండన్‌లోని క్యాంబర్‌వెల్ ప్రాంతపు పిల్లలని పరిశీలించి 1979లో ప్రచురించిన ఆమె అధ్యయనంతోనే, ఆటిజం ఒకే అచ్చులో ఉండదనీ ఒక్కో బిడ్డలో ఒక్కో తీరుగా కనబడుతుందనీ లోకానికి తెలిసింది. అదే సంఘం 1965లో సిబిల్ ఎల్గర్ అనే టీచరమ్మతో ఆ పిల్లలకి బడి తెరిపించింది.

ఆ 1965లోనే మేగన్ డు బోయిసన్ అనే ఇల్లాలు, బెరిట్ మూర్ అనే మరో ఆమెతో కలిసి గార్డియన్ పత్రికకి ఉత్తరం రాసింది. మేగన్‌ది నరాలు తినేసే జబ్బు. తను ఉద్యోగస్తురాలు కాదు గనక ప్రభుత్వం దృష్టిలో ఆమెకి ఏ నష్టమూ జరగలేదు. వైకల్యం ఎలా వచ్చిందన్నదానితో పని లేకుండా అందరికీ ఆదాయం ఉండాలన్నది ఆమె అడిగినది. ఆ ఉత్తరం నుంచి డిజేబుల్‌మెంట్ ఇన్‌కమ్ గ్రూప్ అనే సంఘం పుట్టింది. ఊరూరా జనం చేరారు. 1969లో సంఘం సభకి వెళ్తూ మేగన్ కారు ప్రమాదంలో పోయింది. తను అడిగినది చూడకుండానే వెళ్ళిపోయింది.

మరుసటి ఏడే మార్పులు మొదలయ్యాయి. ఆల్ఫ్ మోరిస్ అనే ఎంపీ పట్టుబట్టి 1970లో తెచ్చిన వికలాంగుల చట్టంలో 26వ సెక్షన్ ఆటిజం ఉన్న పిల్లల చదువు గురించే. వాళ్ళకి ఏ వసతులు చూపారో స్థానిక విద్యాశాఖలు మంత్రికి లెక్క చెప్పాల్సి వచ్చింది. అదే ఏడు వచ్చిన ఇంకో చట్టంతో, ‘వీళ్ళకి చదువు రాదు’ అని పిల్లలని బడికి దూరంగా పెట్టే పద్ధతి 1971 ఏప్రిల్‌లో ఆగిపోయింది. 1971 చివరలో అటెండెన్స్ అలవెన్స్ వచ్చింది. చందా కట్టావా, ఉద్యోగం చేశావా అని అడగకుండా, ఇంకొకరి తోడు ఎంత కావాలన్నదొక్కటే చూసి ఇచ్చే డబ్బు అది. సంరక్షకులకి ఇచ్చే భత్యం 1976లో వచ్చింది గాని, పెళ్ళయిన ఆడవాళ్ళకి లేదన్నారు. తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం మానేసిన జాక్వెలిన్ డ్రేక్ యూరోపియన్ కోర్టు దాకా వెళ్ళి 1986లో దాన్ని గెలిచింది. 1992లో పాత భత్యాలని కలిపి ఇప్పటి మా భత్యాన్ని చేశారు.

ఇందులో నన్ను కదిలించిన సంగతి ఒకటుంది. రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, ఎంతసేపు మేలుకుంటారు అనే ప్రశ్న ఆ 1970ల నాటి చట్టంలోంచే వచ్చింది. నా దరఖాస్తులో ఇవాళ్టికీ అదే కొలత. చదివినప్పుడల్లా నన్ను నిలదీస్తున్నట్టు ఉండేది. అంతకుముందు ఏ రాజూ, ఏ ప్రభుత్వమూ ఒక తల్లిని ‘రాత్రి నువ్వు ఎన్నిసార్లు లేచావమ్మా’ అని అడగలేదని గ్రహించాక ఆ ప్రశ్న నాకు వేరేగా వినబడింది. అది అడిగించుకున్న ప్రశ్న. ఈ కాగితంలో ‘నిజమేనా, నటిస్తున్నారా’ అనే పాత ఊరి అధికారి చూపు ఉంది, కాదనను. దాని పక్కనే ఆ తల్లుల గొంతు కూడా ఉంది. నేను రాసే జవాబు ఆ గొంతుకి.

అలాగని పోరు అయిపోలేదు. పదహారు నిండితే మావాడు ఇంకో భత్యానికి మారాలి. 2013లో వచ్చిన ఆ పద్ధతిలో అన్నీ పాయింట్లే. వండుకోవడానికి ఇన్ని, నలుగురితో మాట్లాడడానికి ఇన్ని. 2025లో ఆ పాయింట్ల నిబంధనని బిగించబోతే వికలాంగులు, కుటుంబాలు గట్టిగా నిలబడ్డారు. పాలకపక్షం ఎంపీలే ఎదురుతిరిగారు. జులై 1న, ఓటింగు నాడు, ప్రభుత్వం ఆ మార్పుని వెనక్కి తీసుకుంది.

మన దగ్గర కథ ఇంకా చిన్నది. 1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఆటిజం లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం దాన్ని పేరుపెట్టి గుర్తించింది. 2016 చట్టం దాన్ని 21 రకాల్లో చేర్చింది. ఆంధ్రలో 2024 జులై నుంచి వికలాంగుల పింఛను మూడు వేల నుంచి ఆరు వేలైంది. 2025లో మళ్ళీ పరీక్షలు జరిపి, 40 శాతానికి తక్కువని తేల్చినవాళ్ళకి ఆగస్టులో నోటీసులిచ్చారు. అప్పీలు చేసుకునే దారి కూడా ఇచ్చారు. దొంగ సర్టిఫికెట్లు ఏరేయడం తప్పు కాదు, అది అందరి డబ్బు. అయితే ఆటిజం కట్టు విప్పితే మానే గాయం కాదు. పది నిమిషాల్లో కంటికి కనబడేదీ కాదు. పిల్లకి కావాల్సిన సాయం ఎక్కువా తక్కువా అయిందా అని అడగండి. జబ్బు పోయిందా అని అడగకండి.

ఇది రాస్తుంటే మా తీరంలోని ఒక రాయి గుర్తొచ్చింది. వాడరేవు లైట్‌హౌస్ దాటి తీరం వెంట దక్షిణంగా పోతే మోటుపల్లి వస్తుంది. అక్కడి వీరభద్రాలయంలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. గాలివానకి ఓడ పగిలి తీరానికి కొట్టుకొచ్చిన వర్తకుల సొత్తుని అంతకుముందు రాజులు లాక్కునేవారు. ఇకమీద న్యాయమైన సుంకం తప్ప ఏదీ ముట్టుకోమని ఆయన రాయించాడు. చిన్నప్పుడు స్కూలు నుంచి తీసుకెళ్తే ఆ రాతి మీద చెయ్యి వేసి చూశాను. కష్టంలో కొట్టుకొచ్చినవాడిని చూసి, వాడి దగ్గర ఏం గుంజుకోవచ్చు అనుకునే రాజ్యం ఒకటి, భయపడకు అనే రాజ్యం ఒకటి. దాదాపు ఎనిమిది వందల ఏళ్ళ కిందట మా తీరంలోనే ఆ తేడా తెలుసు. రాతిమీది మాటకి గడువు లేదు. మా కాగితాలకి గడువుంది గనక మేము రాస్తూనే ఉండాలి.

ఈ కథంతా తెలుసుకున్న రాత్రే చెల్లికి ఫోన్ చేశాను. “ఒక నోటుబుక్కు కొనుక్కో. రోజూ పడుకునే ముందు ఆ రోజు పాపతో ఏం జరిగిందో రాయి. మంచీ రాయి, చెడూ రాయి. బడి టీచరు చేత ఒక కాగితం రాయించు. పాత సర్టిఫికెట్లన్నీ జిరాక్స్ తీయించు. శాతం తగ్గించి రాస్తే అప్పీలు చెయ్యి, ఊరుకోవద్దు. మీ పక్క పల్లెల్లో ఇలాంటి పిల్లలున్న తల్లులుంటే వాళ్ళతో కలిసి వెళ్ళు.”

“అశుభం గదక్కా రాస్తే,” అంది.

“దాచిపెట్టి దాన్ని ఒంటరిదాన్ని చేయడమే అశుభమమ్మా,” అన్నాను. అది నాకు నేను చెప్పుకున్న మాట కూడా.

నేనూ రాయడం మొదలుపెట్టాను. చోటు లేకపోయినా చివరి పేజీలో ‘అమ్మా, నీళ్ళు’ అన్న సంగతి కూడా రాశాను. వాడు అన్నదీ నిజమే, వాడికి రాత్రీ పగలూ మనిషి కావాలన్నదీ నిజమే.

మూడు రోజుల తర్వాత చెల్లి వాట్సాప్‌లో ఫొటో పంపింది. గీతల నోటుబుక్కులో మొదటి పేజీ, పైన తారీకు. ‘రాత్రి రెండింటికి లేచింది. సముద్రం వైపు తలుపు తీసింది. పట్టుకున్నా. నాలుగింటికి పడుకుంది. నేను పడుకోలేదు.’